గేదెల్ని చూసి కొన్న షేర్లు

ఇప్పుడు మీకు ఫోనే షేరుమార్కెట్టు. బస్సులో నిలబడి కొంటారు, బజ్జీలు తింటూ అమ్ముతారు. మంచిదే. మధ్యలో నాలాంటి మనిషి అడ్డం లేకుండా పోయాడు. మీ డబ్బు పోతే మీ వేలిని మీరే తిట్టుకోవచ్చు. నేను చెప్పేది మరీ పాత కాలం సంగతి కాదు, నాలుగైదేళ్ళ కిందటిదే. కానీ తిరువూరులో మా బ్రాంచికి వచ్చేవాళ్ళలో సగం మంది చేతిలో అప్పటికీ బటన్ల ఫోనే. వాళ్ళ తరఫున కొనేది మేము, అమ్మేది మేము.

మందుల షాపు మీద మా బ్రాంచి. రెండు కంప్యూటర్లు, ఆరు కుర్చీలు, మనసైతే తిరిగే ఫ్యాను. నేను ఇన్‌ఛార్జిని. నా పక్క కుర్చీలో ఆర్డర్లు కొట్టే ఆపరేటరు ఉండేవాడు. నలభై దాటిన మనిషి, నోరు ఊరుకునేది కాదు. ఖాతాదారు లాభంలో ఉంటే టీ తెప్పించేవాడు, నష్టంలో ఉంటే మంచినీళ్ళు ఇచ్చేవాడు. గ్లాసును చూసి జనం తమ పరిస్థితి తెలుసుకునేవాళ్ళు.

అప్పట్లో ఒక డెయిరీ ఫారం కంపెనీ కొత్తగా మార్కెట్టులోకి వచ్చింది. ఊళ్ళలో పాలు కొని అమ్మే కంపెనీ కాదు, తన ఫారంలోనే వందల గేదెల్ని మేపి పాలు తీసే కంపెనీ అన్నారు. మా ఖాతాదారులకి సాఫ్టువేరు తెలియదు, సిమెంటు తెలియదు. గేదె తెలుసు. "అయ్యన్నీ రేపు మూతపడొచ్చు సార్, జనం పాలు తాగటం మానేస్తారా?" అని ఒక మామిడితోట రైతు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు వెతకడమే నా ఉద్యోగమని అప్పుడు తోచలేదు.

మా వైపు గేదెను మాట విని ఎవరూ కొనరు. పళ్ళు చూస్తారు, సుడి చూస్తారు, మూడు పూటలు అక్కడే ఉండి తమ ఎదురుగా పాలు పిండించి చూస్తారు. ఒక్క పూటే చూస్తే మోసం. అమ్మేవాడు ముందుపూట పిండకుండా వదిలేసి పొదుగు నిండుగా చూపిస్తాడు. షేరు కూడా అట్లాగే కొనాలని మావాళ్ళు తీర్మానించారు. నేను వద్దనలేదు సరికదా, ముచ్చటపడ్డాను. ఎనిమిదిమందిమి బండి మాట్లాడుకుని తెలంగాణ వైపు మూడు గంటలు ప్రయాణం చేసి ఆ ఫారానికి వెళ్ళాం. కంపెనీవాళ్ళు సంతోషంగా గేట్లు తీశారు.

ఆ ఎనిమిదిమందిలో పాలకేంద్రం ఆవిడ ఉంది. ఈ కథంతా ఆవిడదే. ఎ.కొండూరు వైపు ఒక ఊళ్ళో పాలు పోయించుకునే కేంద్రం నడిపేది. యాభై ఐదు దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మరిది ఇంటి వాకిట్లో రేకుల షెడ్డు వేసుకుని ఉండేది. ఆదివారం కూడా పాలు లారీకి ఎక్కించాకే చర్చికి వెళ్ళేది. తిరువూరులో ఒక చిన్న ఇంటి స్థలం బేరం కుదుర్చుకుని అడ్వాన్సు ఇచ్చింది. అమ్మేవాళ్ళ కాగితాలు తేలడానికి ఆరు నెలలు గడువు పెట్టుకున్నారు. గడువు రోజుకి మిగతా డబ్బు కడితే స్థలం ఆవిడది. కట్టలేకపోతే అడ్వాన్సూ పోతుంది, స్థలమూ పోతుంది. ఆ డబ్బు కోసం ఉన్న గేదెల్లో ఒక్కటి మిగుల్చుకుని అన్నీ అమ్మేసింది.

"ఈ ఆరు నెలలూ డబ్బు ఊరికే బ్యాంకులో పడుంటది సార్. ఎక్కడన్నా పెడితే రిజిస్ట్రేషన్ ఖర్చులన్నా వస్తయ్యా?" అని అడిగింది నన్ను. ఆరు నెలల్లో కచ్చితంగా కావలసిన డబ్బును షేర్లలో పెట్టకూడదని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. నాకూ నేర్పారు. నేను ఫారం ప్రయాణానికి ఆవిడ పేరు కూడా రాశాను.

ఫారంలో అందరికంటే ఆవిడే బాగా చూసింది. చీర దోపుకుని షెడ్డులోకి దిగి పొదుగు తడిమి, చన్నులు నొక్కి, పాలు వేళ్ళ మధ్య రాసి చూసింది. మూడు పూటలూ ఉన్నాం. పాలు తగ్గలేదు. గేదెలు నిజంగా మంచివి, రెండో ఈత, మూడో ఈత గేదెలు. అబద్ధం ఎందుకు, ఆ గేదెల్లో ఈనాటికీ నాకు లోపం కనిపించదు.

బయలుదేరేటప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "సార్, ఆ చివరి షెడ్లలో గేదెల చెవులకి కొట్టిన నంబరు పోగులు వేరే రంగున్నయ్యేంటి?"

"ఇన్సూరెన్సు కంపెనీ వేరయ్యుంటుందమ్మా" అన్నాను.

"అంతేనంటారా?"

"అంతే."

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు, సార్‌ని కదా.

తిరిగొచ్చాక అందరూ కొన్నారు. ఆవిడ స్థలం డబ్బంతా పెట్టింది. నేను కూడా మా ఆవిడ పేరున కొన్నాను. మా ఆవిడ అంగన్‌వాడీలో పనిచేసి దాచుకున్నది అందులో పోశాను. నాలుగు నెలలు షేరు పెరుగుతూ పోయింది. బ్రాంచిలో రోజూ టీలే. ఒకరోజు పాలకేంద్రం ఆవిడ వచ్చి, "రిజిస్ట్రేషన్ ఖర్చులు వచ్చేసినయ్యంటగా సార్, ఇక తీసేద్దాం" అంది. "ఇంకో నెల ఆగండమ్మా, ఇంటికి పునాది కూడా పడుద్ది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే.

ఒక శుక్రవారం సాయంత్రం మార్కెట్టు మూసేశాక కంపెనీ నుంచి ప్రకటన వచ్చింది. ఫారంలో సగానికి పైగా గేదెలు కంపెనీవి కావట. యజమాని బంధువుల సంస్థ దగ్గర అద్దెకు తెచ్చినవట. ఆ అద్దె ఒప్పందం రద్దయింది, గేదెల్ని తోలుకుపోతున్నారు. కంపెనీ షేర్లు అమ్మే ముందు అన్ని వివరాలతో ఒక లావుపాటి పుస్తకం అచ్చేస్తుంది. మా బ్రాంచికీ ఒకటి వచ్చింది. అది ఎక్కడుందో తెలుసా? నా కంప్యూటరు కింద. స్క్రీను కళ్ళకి ఎత్తులో ఉండాలని దాన్ని కింద పెట్టాను. లాగి చదివాను. అద్దె గేదెల సంగతి అందులో ఉంది. దాచలేదు, స్పష్టంగానే రాశారు. ఏ షెడ్లో ఎవరి గేదెలో కూడా రాశారు, ఆవిడ అడిగిన ఆ చివరి షెడ్లవే అద్దెవి. మేము గేదెల్ని మూడు పూటలు చూశాం, పుస్తకాన్ని ఒక్క పూట చూడలేదు.

ఆపరేటరు నా చేతిలో పుస్తకం చూశాడు. లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు.

ఇక్కడ మీకు ఒక్క విషయం చెప్పాలి, అది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు. ఒక షేరు ఒక రోజులో ఎంతవరకు పడొచ్చో గీత ఉంటుంది. ఆ గీత దగ్గర అందరూ అమ్మేవాళ్ళే అయి, కొనేవాడు లేకపోతే తాళం పడిందంటాం. అమ్ముతామన్న వాళ్ళంతా వరుసలో నిలబడాలి. పొద్దున తొమ్మిదింటికి తలుపు తీస్తారు. ఎవరి ఆర్డరు ముందు చేరితే వాళ్ళు ముందు. ఎవరో ఒకడు కొంచెం కొంటే వరుసలో ముందున్న నలుగురు బతుకుతారు, మిగతావాళ్ళు మర్నాడు మళ్ళీ కొత్తగా నిలబడాలి, ఇంకాస్త తక్కువ ధరకి.

సోమవారం తాళం పడింది. పాలకేంద్రం ఆవిడ గడువుకి ఇంక మూడు వారాలే ఉందని ఆవిడ ఆర్డరు ముందు కొట్టించాను. మిగతా ఖాతాదారులవి తర్వాత, మా ఆవిడది ఆఖరున. ఏదీ అమ్ముడుపోలేదు. మంగళవారం అంతే. ఆవిడ పదిన్నర బస్సుకి వచ్చి కుర్చీలో కూర్చుని, మా స్క్రీను వైపు కాదు, మా మొహాల వైపు చూసేది. నేను స్క్రీను మీద నుంచి కళ్ళు తిప్పేవాణ్ణి కాదు.

మంగళవారం రాత్రి మా ఆవిడ అన్నం ముందు కూర్చుని, "ఆ కంపెనీ గురించి టీవీలో చెప్తున్నారు. మనవి ఉన్నయ్యా పోయినయ్యా?" అంది. "చూస్తున్నా" అన్నాను. తను మళ్ళీ అడగలేదు. అడిగి, తిట్టి ఉంటే నాకు కోపం వచ్చేది, ఆ కోపంతో నిద్ర పట్టేది.

బుధవారం ఎనిమిదిన్నరకి విజయవాడ బ్రాంచి నుంచి తెలిసినవాడు ఫోను చేశాడు. "ఇవాళ ఎవరో కాస్త కొంటారంటండీ. తలుపు తియ్యగానే వరుసలో ఉన్నవాడికే" అన్నాడు. ఫోను పెట్టేసి, "జరగవయ్యా, ఇవాళ నేను కొడతా" అన్నాను ఆపరేటరుతో. అతను కుర్చీ జరిపి పక్కన నిలబడ్డాడు. ఆర్డర్లు సిద్ధంగా పెట్టుకున్నాను. గోడ గడియారం చూడటం లేదు, స్క్రీను మూలనున్న సెకన్లు చూస్తున్నాను. తొమ్మిదయింది. నా చేయి మా ఆవిడ ఖాతా మీదికి వెళ్ళింది. పొరపాటున వెళ్ళిందని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కాదు. తెలిసే వెళ్ళింది. అది కొట్టాక పాలకేంద్రం ఆవిడది కొట్టాను. మధ్యలో ఇరవై సెకన్లు కూడా లేవు.

మార్కెట్టు మొదలైంది. మా ఆవిడవి అన్నీ అమ్ముడుపోయాయి. ఆ ఇరవై సెకన్లలో దేశమంతటి నుంచీ జనం వచ్చి వరుసలో నిలబడ్డారు. పాలకేంద్రం ఆవిడవి ఒక్కటీ పోలేదు.

ఆపరేటరు స్క్రీను చూశాడు, నన్ను చూశాడు. "ఆవిడది రెండోది పడింది సార్" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

అతను కిందకెళ్ళి తన ఒక్కడికే టీ తాగి వచ్చాడు.

ఆవిడ మామూలుగానే పదిన్నరకి వచ్చింది. "ఇయ్యాల ఎవరియ్యన్నా పోయినయ్యా సార్?"

"కొన్ని పోయాయమ్మా."

"ఎవరియ్యి?"

"ఎక్కడో బొంబాయిలో ఎవరివో."

"పోన్లెండి, ఒకళ్ళన్నా బయటపడ్డారు" అంది. అప్పుడు నాకు వేసిన సిగ్గు ఇంతా అంతా కాదు. గురువారం, శుక్రవారం, తర్వాతి సోమ, మంగళ, అదే తాళం. రోజూ తొమ్మిదింటికి ఆపరేటరు ముందు ఆవిడ ఆర్డరు కొట్టి, నాకు వినపడేలా, "ఆవిడది వెళ్ళింది సార్" అనేవాడు. ఎవరూ కొనలేదు. ధర సగానికి వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి ఆవిడ రావడం మానేసింది. గడువు ఇంకా ఆరు రోజులు ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం బ్రాంచి ఆపరేటరుకి వదిలేసి ఎ.కొండూరు బస్సెక్కాను. ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్ళేసరికి సాయంత్రం పాలు పోయించుకునే వేళ. ఒక గది, బల్ల మీద వెన్న శాతం చూసే యంత్రం, గుమ్మం దాకా క్యాన్లతో జనం. ఆవిడ నన్ను చూసి తలూపి, "కూర్చోండి సార్, పాలు అయిపోనివ్వండి" అంది. ఒక్కొక్కరి పాలూ తీసి యంత్రంలో పెట్టి అంకె గట్టిగా చదువుతోంది. జనం అయిపోయారు. అప్పుడు లోపల్నుంచి తన గేదె పాలు తెచ్చింది. యంత్రం దగ్గర తను కూర్చోలేదు. ఆఖరున పాలు పోసిన ఒకావిణ్ణి పిలిచి కూర్చోబెట్టి అంకె చదవమంది.

"మీ పాలు మీరే చూసుకోవచ్చుగా" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"కేంద్రం నడిపే మనిషి పాలు ఆఖర్నే పొయ్యాలి సార్, వేరేవాళ్ళే చూడాలి. లేకపోతే ఈ ఊళ్ళో నాకెవరు పోస్తారు పాలు? ఇరవయ్యేళ్ళ బట్టి అంతే" అంది, ఇందులో చెప్పేదేముంది అన్నట్టు.

ఇక నాకు దాక్కోవడానికి చోటు లేకపోయింది. అంకె చదివిన ఆవిడ వెళ్ళేదాకా ఆగి చెప్పాను. బుధవారం సంగతి, ఎవరిది ముందు కొట్టిందీ, బొంబాయి అబద్ధం, చెవిపోగుల రంగు, కంప్యూటరు కింద పుస్తకం, అన్నీ. ఆవిడ క్యాను కడుగుతూనే వింది. నీళ్ళు పారబోసింది. క్యాను బోర్లించింది.

"ఆ డబ్బు మీరు తీసుకోండమ్మా. మీ షేర్లు నాకు మార్చేయండి" అన్నాను.

"మీ మేడం గారికి తెలుసా?"

"తెలియదు."

"ఆవిడ డబ్బు ఆవిడకి తెలియకుండా ఒకసారి మీరు ముట్టుకున్నారు. రెండోసారి నేను ముట్టుకోవాలా?" అంది. గొంతు పెంచలేదు. "ఆవిణ్ణి తీసుకురండి. ఆవిడ నోటితో చెప్తే తీసుకుంటా. లేకపోతే వద్దు, స్థలం పోతే పోనియ్యండి."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆరు రోజుల్లో రెండు రోజులు. రెండో రోజు పొద్దున తను పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే చెప్పేశాను. కత్తిపీట ఆగింది.

"నా డబ్బు ముందు పెట్టమని నేను చెప్పానా?"

"లేదు."

"మరి నా పేరు మీద ఎందుకు చేశారు?"

తరిగిన కూరగాయలు అట్లాగే వదిలేసి లేచి చీర మార్చుకుంది. "పదండి" అంది. బస్సులో నా పక్కన ఖాళీ ఉన్నా ముందు సీట్లో కూర్చుంది.

ఆడవాళ్ళిద్దరూ ఆ గదిలో ఎంతసేపు మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నన్ను బయట నిలబెట్టారు. బయటికి వచ్చాక మా ఆవిడ, "బ్యాంకు మూసేలోపు తిరువూరు వెళ్ళాలి" అంది, అంతే. మార్కెట్టుతో పనిలేకుండా ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి షేర్లు మార్చే స్లిప్పు ఉంటుంది. పాలకేంద్రం ఆవిడ దాని మీద సంతకం పెట్టింది. ఆపరేటరు ముద్ర వేశాడు. ఆవిడ షేర్లు బుధవారం పోయుంటే ఎంత వచ్చేదో అంతే తీసుకుంది, పైన ఒక్క రూపాయి తీసుకోలేదు. గడువుకి ముందురోజు స్థలం రిజిస్టరయింది. మా ఆవిడకి పాలకేంద్రం ఆవిడ షేర్లు మిగిలాయి. ఆ కంపెనీ తర్వాత కోలుకోలేదు, ఆ షేర్లను ఎవరూ కొనలేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కముందే ఆవిడ మళ్ళీ వచ్చింది, ఖాతా మూసేయాలని. ఫారం నేనే నింపుతాను, ఎప్పుడూ అంతే. పేరు, చిరునామా, ఖాతా నంబరు రాశాను. కింద ఒక గడి ఉంటుంది, ఖాతా ఎందుకు మూస్తున్నారు అని. వచ్చినవాళ్ళందరికీ నేను అక్కడ సొంత కారణాలు అని రాసేస్తాను. కలం పెట్టబోతూ అలవాటుగా అడిగాను.

"కారణం ఏం రాయమంటారమ్మా?"

"మీకు తెలిసిందే రాయండి సార్" అంది.

బ్రాంచిలో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆపరేటరు టైపు చేయడం ఆపేశాడు. ఆవిడ తొందరపెట్టలేదు. ఆఖరికి రాశాను: బ్రాంచి ఇన్‌ఛార్జి ఖాతాదారు ఆర్డరు కంటే ముందు తన ఇంటి ఆర్డరు పెట్టినందువల్ల.

"నాకు చదువు ఇంతే సార్, కళ్ళు కూడా ఆనటంలేదు. కాస్త చదవండి" అంది.

వెన్న అంకెలు రోజూ చదివే మనిషి. చదివాను. ఆ నలుగురూ విన్నారు. "సరే" అని కలం తీసుకుని సంతకం పెట్టి, చెంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక ఆపరేటరు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "సార్, హెడ్డాఫీసుకి ఇది పంపితే మీ ఉద్యోగం పోద్ది. ఇంకో ఫారం తీస్తా, సొంత కారణాలని రాద్దాం. ఆవిడ చేత నేను సంతకం పెట్టించుకొస్తా, అడిగితే పెడుద్ది" అన్నాడు. ఇన్నాళ్ళుగా నాతో సరిగ్గా మాట్లాడనివాడు ఆ రోజు నా కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెడుతుందని నాకూ తెలుసు. నిజమే, అడిగితే పెట్టేది.

ఫారం కవర్లో పెట్టి నేనే పోస్టులో వేశాను. పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో అడిగినవాళ్ళకి రిటైరయ్యానని చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉండి కూడా కాదనలేదు. మీకు మాత్రం, ఇదిగో, నిజం చెప్తున్నాను.